బంగారు రేణువులతో గడ్డ మాడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. బంగారు రేణువులు ఎక్కించి లైటు వేస్తే గడ్డ మాడిపోతుందని బాబాయి వాట్సాప్‌లో పంపారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నిజమేనమ్మా, కాకపోతే మీ బాబాయిగారు అనుకున్నంత సులువు కాదు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్ల అంచులు ఎర్రగా వెలుగుతాయి. ఎరుపు కాంతి కండలోంచి కొంత దూరం పోతుంది. దానికి అవతల, కంటికి కనబడని పరారుణ కాంతి ఇంకా లోతుకు పోతుంది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో నవోమి హలాస్, జెనిఫర్ వెస్ట్ సిలికా గుళికకు బంగారు పూత వేసి, ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కే రేణువులు తయారుచేశారు. వాటిని ముందురోజే సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. గడ్డలోని రక్తనాళాలు జల్లెడలాంటివి కాబట్టి అక్కడ పేరుకుంటాయి. మర్నాడు సన్నని లేజర్ తీగను గడ్డలోకే దించుతారు. బయటినుంచి లైటు వేయడం కాదు!

ప్రోస్టేట్ రోగుల మీద చేసిన ఈ ప్రయోగం గురించి 2019లో వచ్చిన మొదటి ఫలితాల్లో ఉన్నది 16 మందే. అదీ జబ్బు ప్రోస్టేట్ దాటనివాళ్లు. నాన్నగారి బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోర్ (క్యాన్సర్ ఎంత ఉధృతంగా ఉందో చెప్పే అంకె) ఎంతుందో రాయండి. ఈలోగా బంగారు భస్మం మాత్రం కొనకండి, అది వేరే సంగతి.