స్పానిష్, సంగీతం చదవనివ్వండి. పేరెంట్ లోన్ మాత్రం వద్దు

ప్రశ్న: మేం కొలంబస్‌లో (ఒహాయో) ఉంటాం. మా అమ్మాయికి మిన్నెసోటాలో ఓ చిన్న ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. స్పానిష్, సంగీతం (వయొలిన్) రెండూ మేజర్లుగా (ప్రధాన సబ్జెక్టులుగా) చదువుతానంటోంది. ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 68 వేల డాలర్లు. అందులో 34 వేలు స్కాలర్‌షిప్ ఇచ్చారు. మా ఇద్దరి జీతాలూ కలిపి లక్షా 50 వేలు. అందరికీ గ్రీన్ కార్డులున్నాయి. 529 ఖాతాలో (పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునేది) 62 వేలున్నాయి, నెలకు వెయ్యి దాకా సర్దగలం. మిగతాదానికి పేరెంట్ ప్లస్ లోన్ (పిల్లల చదువుకు తల్లిదండ్రుల పేరిట ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పు) తీసుకోమంటారా, శంకర్‌పల్లి దగ్గరి ప్లాటు అమ్మేయమంటారా? లేక బంధువులంతా అంటున్నట్టు కంప్యూటర్ సైన్స్‌లో చేరమని గట్టిగా చెప్పాలా?

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. అలా చెప్పకండి. ఇష్టం లేని కోర్సులో చేరి, రెండో ఏడాది మేజర్ మార్చుకుంటే చదువు ఇంకో ఏడాది సాగే ప్రమాదముంది. ఆ ఒక్క ఏడాది ఖర్చే మీ లెక్కలన్నిటినీ తారుమారు చేస్తుంది. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైనే. ఆస్పత్రులకు, కోర్టులకు, బడులకు ఆ భాష బాగా వచ్చినవాళ్లు కావాలి. పాప ఎంచుకున్న చదువు గురించి నాకు బెంగలేదు. దానికి మీరు చేయబోయే అప్పు గురించే బెంగ.

స్కాలర్‌షిప్ పోగా మీరు కట్టాల్సిన 34 వేలను నాలుగుతో గుణించి లక్షా 36 వేలు అనుకుని ఉంటారు. స్కాలర్‌షిప్ మాత్రం సాధారణంగా మొదటి ఏడాది అంకె దగ్గరే ఆగిపోతుంది, ఫీజు ఏటా పెరుగుతుంది. ఏడాదికి 4 శాతం చొప్పున వేసుకున్నా నాలుగో ఏడాది బిల్లు 76,500 డాలర్ల దగ్గరికి వస్తుంది, అందులో మీరు కట్టాల్సింది 42,500. నాలుగేళ్లకూ కలిపి దాదాపు లక్షా 53 వేలు.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూద్దాం. 529లో 62 వేలు. నెలనెలా వెయ్యి చొప్పున 48 వేలు. అమ్మాయి పేరిట వచ్చే ఫెడరల్ డైరెక్ట్ లోన్ మొదటి ఏడాది 5,500, తర్వాత 6,500, ఆ తర్వాత రెండేళ్లూ 7,500 చొప్పున, మొత్తం 27 వేలు. క్యాంపస్‌లో పనిచేసి ఏటా రెండు వేలు తెచ్చుకుంటే 8 వేలు. అన్నీ కలిపితే లక్షా 45 వేలు. తక్కువపడేది 8 వేలే!

ఆ 8 వేలకూ దారి ఉంది. ఉమ్మడి ఆదాయం లక్షా 60 వేలు దాటనంతవరకు అమెరికన్ ఆపర్చునిటీ ట్యాక్స్ క్రెడిట్ (కాలేజీ ఫీజు కట్టినందుకు ఆదాయపు పన్నులో ఇచ్చే తగ్గింపు) ఏటా 2,500 డాలర్ల దాకా, నాలుగేళ్లపాటు వస్తుంది. చాలామంది ట్యూషనంతా 529లోంచే కట్టేసి దీన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. 529లోంచి కట్టిన డాలరుకు ఈ క్రెడిట్ రాదు. ఏటా ట్యూషన్‌లో 4 వేలు మాత్రం మీ జీతంలోంచో, అమ్మాయి లోన్‌లోంచో కట్టండి. హాస్టల్‌కూ తిండికీ 529 వాడుకోండి.

పేరెంట్ ప్లస్ జోలికి వెళ్లొద్దు. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం, పైగా ముందే 4 శాతానికి మించి ఫీజు కోసుకుంటారు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు అని పరిమితి పెట్టారు. ఆ 65 వేలూ తీసుకుంటే పదేళ్లపాటు నెలకు సుమారు 820 డాలర్లు కట్టాలి. మీ రిటైర్మెంటుకు దాచుకోవాల్సిన ఏళ్లు అవే కదా.

ప్లాటు అలాగే ఉంచండి. ఉద్యోగం పోయిన రోజున అక్కరకొచ్చే ఆస్తి అది. ఫాఫ్సా ఫారంలో (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు) మాత్రం దాని విలువ చూపించాలి. మీరుండే ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి ఏ దేశంలో ఉన్నా అందులో లెక్కే. ఇండియాలో ఉందిగదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు.

ఇక డిగ్రీ సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. సంగీతంలో బీఏ వేరు, బీఎం (బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్) వేరు. బీఎంలో మూడింట రెండొంతుల దాకా సంగీతమే ఉంటుంది. దానికి ఇంకో బీఏ జోడిస్తే ఒబర్లిన్, లారెన్స్ లాంటి కాలేజీల్లో ఐదేళ్ల కోర్సు. స్కాలర్‌షిప్పేమో తరచూ ఎనిమిది సెమిస్టర్లకే. అమ్మాయి బీఏలోనే రెండు మేజర్లూ చేస్తే నాలుగేళ్లలో బయటపడుతుంది. ఏపీ స్పానిష్‌లో (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) మంచి స్కోరుంటే కొన్ని క్రెడిట్లు కలిసొస్తాయి. వాటితో ముందే డిగ్రీ అయిపోతుందని ఆశపడకండి, మ్యూజిక్ థియరీ క్లాసులు ఒకదాని తర్వాత ఒకటి వరసగానే చేయాలి. స్పెయిన్‌లో ఒక సెమిస్టరు చదవడానికి ఆ క్రెడిట్లు వెసులుబాటునిస్తాయి.

స్పానిష్ టీచరవ్వాలన్న ఆలోచన ఉంటే టీచ్ గ్రాంట్ గురించి అడగండి. ఏటా 4 వేల డాలర్ల లోపు ఇస్తారు. కాకపోతే తక్కువ ఆదాయాలున్న ప్రాంతాల బడుల్లో, ఎనిమిదేళ్ల లోపు నాలుగేళ్లు పాఠాలు చెప్పాలి. చెప్పకపోతే అది వడ్డీతో సహా అప్పుగా మారుతుంది. మనసు కుదిరాకే సంతకం చేయమనండి.

డిపాజిట్ గడువు చాలా కాలేజీల్లో మే 1. ఈలోగా ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు మెయిలు పెట్టి, స్కాలర్‌షిప్ నిలవాలంటే జీపీఏ ఎంతుండాలో, ఆర్కెస్ట్రాలో కొనసాగడం షరతో కాదో, విడిగా నేర్పే వయొలిన్ పాఠాలకు అదనపు ఫీజుందో లేదో, స్పెయిన్ సెమిస్టరుకూ స్కాలర్‌షిప్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్పానిష్ విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరో, కాలేజీలో ఏటా చేరేవాళ్లు తగ్గుతున్నారో లేదో కూడా కనుక్కోండి. న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 2024లో ఉన్నట్టుండి మూతపడితే పిల్లలు వేరే కాలేజీలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ జవాబులన్నీ చేతికొచ్చాకే డిపాజిట్ కట్టండి.