పాత సినిమా, కొత్త టీవీ

ప్రశ్న: గత ఆదివారం టీవీలో 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టుకుంటే మనుషులందరూ పక్కలకు సాగి లావుగా కనిపించారు. మనవలేమో రంగుల ప్రతి చూద్దామంటున్నారు. ఏది మేలంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, లోపం సినిమాలో లేదు, టీవీ అమరికలో ఉంది. ఆ కాలపు చిత్రాలలో బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3 కాగా నేటి టీవీలది 16:9 కావడంతో, తెర నిండాలని బొమ్మను అడ్డంగా సాగదీస్తే సావిత్రి గారి ముఖం కూడా పోలిక తప్పుతుంది. రిమోట్‌తో పిక్చర్ సైజును 4:3కు మార్చండి. ఇరువైపులా వచ్చే నల్లని పట్టీలను కాసేపటికే మరచిపోతారు.

2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి పిల్లలను కూర్చోబెడుతుందన్నది నిజమే. అయినా నా ఓటు నలుపు తెలుపుకే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే గారు వెన్నెలను వెలుగునీడలతోనే సృష్టించారు. విజయవాడలోని మా ఇంట్లో ట్యూబ్‌లైటు ఆర్పి, కిటికీ తెరలు దించి చూసిన రాత్రి, నౌకావిహారం పాటలో నీటి మీద కదిలే తళుకు నాకు రంగుల ప్రతిలో కంటే ఎంతో అందంగా తోచింది.

మనవలకు ముందుగా ఘటోత్కచుడి భోజనం ఘట్టం చూపించండి. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఎస్వీ రంగారావు గారి నోట్లోకి వెళుతుంటే, మా ఇంట్లో ఏడేళ్ల పాప రంగుల ఊసే ఎత్తకుండా మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది.