మొహం మాడ్చుకుని చదివే జీఆర్‌ఈ

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో ఏడాది. అమెరికాలో ఎంఎస్ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు కోచింగ్‌లో చేర్పించాం. రోజుకు 50 మాటలు బట్టీ పట్టినా మాక్ టెస్టులో వెర్బల్ (ఇంగ్లిష్ భాగం) 146 దాటడం లేదు. 'గ్రడ్జింగ్లీ', 'రిలక్టంట్లీ' రెండింటికీ 'అయిష్టంగా' అనే రాసుకుంది, అక్కడే తప్పుతోంది. క్లాసుకు కూడా మొహం మాడ్చుకునే వెళ్తోంది. కోచింగ్ మార్చాలా, జీఆర్‌ఈ అడగని యూనివర్సిటీలు చూడాలా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: తప్పు అమ్మాయిది కాదండీ, మాటకు మాట పెట్టే ఆ జాబితాది. 'రిలక్టంట్లీ' అంటే మనసొప్పక, వెనకాడుతూ. ఎవరి మీదా కోపం ఉండక్కర్లేదు. ఇష్టమైన ఊరు వదిలేవాడు అలాగే బయల్దేరతాడు. 'గ్రడ్జింగ్లీ'లో కడుపుమంట ఉంటుంది. దీని మూలమైన పాత ఫ్రెంచి మాటకు సణగడమని అర్థం. అందుకే ఇది ఎక్కువగా ఒప్పుకోవడం, మెచ్చుకోవడం, ఇవ్వడం లాంటి క్రియల పక్కన కనిపిస్తుంది. "ప్రత్యర్థులు సైతం ఆమె డిజైనే మెరుగని ____ ఒప్పుకున్నారు." 'ప్రత్యర్థులు', 'సైతం' అన్న రెండు మాటలే జవాబు చెప్పేస్తున్నాయి: ఏడ్చుకుంటూ ఒప్పుకున్నారు. 'రిలక్టంట్లీ' పెట్టినా వాక్యం చెడదు, పదును పోతుంది. ఆరింట్లో రెండు ఎంచుకోవాల్సిన ప్రశ్నలో ఈ రెండూ జంటగానే రావచ్చు; అక్కడ ఒకటి తప్పినా మార్కు రాదు. కాబట్టి 50 మానేసి రోజుకు 10 చాలు. ఒక్కో మాటకు ఒక వాక్యం, పక్కన వచ్చే క్రియ, వెనకున్న భావం రాసుకోమనండి.

146కు కంగారొద్దు. కంప్యూటర్ సైన్స్ లాంటి కోర్సులకు క్వాంట్ (లెక్కల భాగం) బరువే ఎక్కువ. 21 రోజుల ఎడంతో ఏడాదిలో 5 సార్లు రాయొచ్చు, స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. జీఆర్‌ఈ అడగనివీ చాలా ఉన్నాయి. డిపార్ట్‌మెంట్ పేజీలో చూసుకోండి.

నాకు అనుమానమల్లా ఎంఎస్ మీదే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలు, పొడిగింపు 24. ఆ 36 నెలల్లో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. ఆ వీసాల కోటా ఏడాదికి 85,000, పోటీ ప్రపంచమంతటితో. తగలకపోతే అప్పు మాత్రం రూపాయల్లో మీ ఇంటి మీదే ఉంటుంది. ఊళ్లో అందరూ పంపుతున్నారన్నది లెక్క కాదు.

ఇంకోటి, మీకు కోపం వచ్చినా సరే. ఉత్తరంలో 'చేర్పించాం' అని ఉంది. 'తను అడిగింది' అని ఎక్కడా లేదు. మొహం మాడ్చుకుని వెళ్లడం రిలక్టంట్లీ కాదు, గ్రడ్జింగ్లీ. మంట ఎవరి మీదో ఆలోచించారా? కొత్త కోచింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఉద్యోగమా, గేట్ రాసి ఇక్కడే ఎంటెకా, ఎంఎస్సా అని అమ్మాయిని మీరే అడగండి, వాళ్లమ్మను రాయబారం పంపకుండా.