వెయ్యి యార్డులు పరిగెత్తినవాణ్ణి కూడా బెంచీ ఎక్కిస్తారా?

"అమెరికన్ ఫుట్‌బాల్‌లో సీజన్‌కి వెయ్యి యార్డులు తెచ్చే రన్నింగ్ బ్యాక్‌ని (బంతి పుచ్చుకుని పరిగెత్తేవాణ్ణి) ఏ కోచ్ అయినా పక్కన పెడతాడా? పెట్టడని మా బావమరిదితో పందెం కాశాను" అని అడిగారు కదా. పందెం పోయినట్టేనండీ. ఇదే మాట నమ్మి నేనూ 2014లో ఆఫీసు ఫ్యాంటసీ లీగ్‌లో (నిజం ఆటగాళ్లని ఎంచుకుని, వాళ్ల ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకునే పోటీ) పరువు పోగొట్టుకున్నాను.

అప్పటికి డల్లాస్ వచ్చి రెండేళ్లు. ఆట సగమే అర్థమయ్యేది. ఆ నవంబరు 16న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కుర్రాడు జోనస్ గ్రే, ఇండియానాపోలిస్ మీద 37 సార్లు బంతి పుచ్చుకుని దాదాపు 200 యార్డులు పరిగెత్తాడు. నాలుగు టచ్‌డౌన్లు, అంటే నాలుగుసార్లు బంతిని అవతలి గోల్ లైన్ దాటించాడు. అంతకుముందు అతని పేరు మాలో ఒక్కరికీ తెలీదు. మా లీగ్‌లో కొత్త ఆటగాణ్ణి తీసుకునే మొదటి అవకాశం అట్టడుగున ఉన్నవాడికే. ఆ హోదా నాదే కాబట్టి గ్రేని ఎగరేసుకుపోయి, వారమంతా కాలరెగరేసుకు తిరిగాను.

తర్వాతి ఆదివారం డెట్రాయిట్‌తో ఆటలో అతను ఒక్కసారి కూడా మైదానంలో అడుగు పెట్టలేదు. నా ఖాతాలో సున్నా! జరిగిందేమిటంటే, ఫోన్ చార్జింగ్ అయిపోయి అలారం మోగలేదు, శుక్రవారం ప్రాక్టీసుకి ఆలస్యంగా వెళ్లాడు. దానికి తోడు అదే వారం పిట్స్‌బర్గ్ వదిలేసిన లెగారెట్ బ్లౌంట్‌ని పేట్రియట్స్ మళ్లీ తెచ్చుకున్నారు. గ్రే చోటులో దిగి రెండు టచ్‌డౌన్లు చేసింది అతనే. గ్రే చేతికి అన్నిసార్లు బంతి మళ్లీ ఎన్నడూ రాలేదు. సోమవారం ఆఫీసుకెళ్తే నా బల్ల మీద ఎవరో అలారం గడియారం పెట్టారు.

మనవాళ్లకి ఇది మరీ వింతేం కాదు. 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్ మీద కరుణ్ నాయర్ 303 నాటౌట్. ఆ వెంటనే వచ్చిన టెస్టు 2017 ఫిబ్రవరిలో మన ఉప్పల్‌లో, బంగ్లాదేశ్‌తో. రహానే గాయం నుంచి కోలుకుని వచ్చాడు, కరుణ్ బయట కూర్చున్నాడు.

"గ్రేది ఒక్క ఆట ముచ్చట, నేనడిగింది సీజన్ మొత్తం సంగతి" అంటారేమో. అయితే అదే జట్టులో స్టీవన్ రిడ్లీని చూడండి. 2012లో 1263 యార్డులు. మరుసటి ఏడాది వరసగా ఆటల్లో బంతి చేజార్చుకుంటుంటే, హ్యూస్టన్‌తో ఆటకి ఒంట్లో ఏ గాయమూ లేకపోయినా అసలు జట్టులోకే తీసుకోలేదు. ఇలా ఒక్క ఫంబుల్ (బంతి చేజారడం) అయితే పోయేది యార్డులు కాదు, బంతే అవతలివాళ్ల పాలు కావచ్చు. అందుకే కోచ్ నిరుడు ఎన్ని తెచ్చావని చూడడు, ఇప్పుడు ఇస్తే బంతి భద్రంగా ఉంటుందా అని చూస్తాడు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది. ఆ యార్డులన్నీ పరిగెత్తినవాడి సొంతం కావు. 2014లో మా డల్లాస్ జట్టు కౌబాయ్స్ తరఫున డిమార్కో ముర్రే 1845 యార్డులు చేశాడు, జట్టు చరిత్రలోనే రికార్డు. అయినా డబ్బు దగ్గర లెక్క కుదరక పోనిచ్చారు. ఫిలడెల్ఫియా ఐదేళ్లకి 42 మిలియన్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అక్కడ 702 దగ్గర ఆగిపోయాడు. ఇక్కడేమో అందరూ అయిపోయాడనుకున్న డారెన్ మెక్‌ఫాడెన్ అదే ఏడు 1089 చేశాడు. టైరన్ స్మిత్, ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ లాంటి భారీకాయులు ముందు నిలబడి దారి తీస్తుంటే వెనక పరిగెత్తేవాడికి సగం పని తప్పినట్టే.

అసలు నా మనసుకి పట్టిన కథ మాత్రం ఎజికియెల్ ఎలియట్‌ది. 2016లో కొత్తగా వస్తూనే 1631 యార్డులు, లీగ్ మొత్తంలో మొదటి స్థానం. 2018లో మళ్లీ మొదటి స్థానం. 2019లో ఆరేళ్లకి 90 మిలియన్లు. ఆ ఏడే కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) నాలుగో రౌండులో టోనీ పొలార్డ్ వచ్చాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటామే, 2022కల్లా అచ్చం అదే జరిగింది. ఎలియట్ 231 సార్లు పరిగెత్తి 876 యార్డులు తెస్తే, పొలార్డ్ 193 సార్లకే 1007. అయినా ఆట మొదలవగానే మైదానంలోకి దిగేది ఎలియటే. గోల్ లైన్ దగ్గర దూరి 12 టచ్‌డౌన్లు చేశాడు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లని అడ్డుకోవడంలో దిట్ట. పేరుకి స్టార్టర్ అతనే, మీ పందెంలో ఈ మెలిక వాడుకోవచ్చు. ఎవరు ముందు దిగారన్నది మాత్రం నేనిప్పుడు పట్టించుకోను. మూడో డౌన్‌లో (పది యార్డులు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఆట బిగుసుకున్నప్పుడు ఎవరున్నారో చూస్తాను. (పొలార్డ్‌కి మాత్రం 2023లో బరువంతా నెత్తిన పెడితే ఒక్కో పరుగుకి సగటు ఐదు యార్డుల నుంచి నాలుగుకి పడిపోయింది. ఎలియట్ అభిమానులు ఈ మాట ఇప్పటికీ ఎత్తుతారు.)

2023 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోతో ప్లేఆఫ్ మా ఇంట్లోనే పదిమంది కలిసి చూశాం. పొలార్డ్ కాలు విరిగి మధ్యలోనే వెళ్లిపోయాడు. 19-12తో వెనకబడి, ఆఖరి ప్లేలో కోచ్ ఏదో తమాషా ఎత్తు వేశాడు. ఎలియట్‌ని సెంటర్ (వరస మధ్యలో ఉండి బంతి అందించే భారీకాయుడు) చోటులో వంచి నిలబెట్టి, బంతి వెనక్కి అందించమన్నారు. అందించీ అందించకముందే ఎదుటివాడు అతణ్ణి వెల్లకిలా పడేశాడు. మార్చిలో ఎలియట్‌ని జట్టు నుంచి తీసేశారు.