నెగెటివ్‌ల డబ్బా తెరిచాకే స్కానర్ కొనండి

ఇంట్లో ఉన్న పాత ఫొటోలు, నెగెటివ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నాన్నగారు తీసిన 35 ఎంఎం నెగెటివ్ ముక్కలు ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. చదరంగా ఉండే పెద్ద నెగెటివ్‌లు కూడా నలభై దాకా ఉన్నాయి. ఆల్బమ్‌లలో ఫొటోలు నాలుగు వందలు ఉంటాయి. మా ప్రింటర్‌కే స్కానర్ ఉంది. అది సరిపోతుందా, వేరేది కొనాలా?
— ఒక పాఠకుడు, తెనాలి

ఫొటోలకు సరిపోతుంది, నెగెటివ్‌లకు పనికిరాదు. ప్రింటర్ మీద ఉండే స్కానర్ కాగితం మీద వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగును చదువుతుంది. నెగెటివ్‌ను చదవాలంటే వెలుగు దాని గుండా ఇవతలికి రావాలి, అంటే మూతలో కూడా దీపం ఉండాలి. దీపం లేని స్కానర్‌ మీద నెగెటివ్ పెడితే నల్లటి పట్టీ తప్ప ఏమీ రాదు.

ఏది కొనాలన్నది మీ డబ్బాలోని ఆ నలభై చదరపు నెగెటివ్‌లే తేలుస్తాయి. అవి ‘120’ అనే సైజు ఫిల్ము రీలువి. అగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాల్లో ఒక రీలుకు 12 చొప్పున వచ్చేవి అవే. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8100, 8200ఐ లాంటి ఫిల్ము స్కానర్లు మంచివే గానీ వాటిలో 35 ఎంఎం మాత్రమే పడుతుంది. రెండు సైజులూ, ఫొటోలూ ఒకే యంత్రంతో కావాలంటే ఎప్సన్ పర్ఫెక్షన్ వీ600 తరహా ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద పరిచి స్కాన్ చేసే రకం) తీసుకోండి. దాని ఫ్రేములో 35 ఎంఎం ముక్కలు రెండు, అంటే 12 బొమ్మలు, ఒకేసారి పడతాయి. ప్లస్‌టెక్‌లో ఒక్కో బొమ్మనూ చేత్తో జరుపుకుంటూ పోవాలి. వీ850 ఇంకా బాగుంటుంది, కానీ ఇంటి అవసరానికి అంత ఖర్చు పెట్టమని మేం చెప్పం.

ఎప్సన్ వీ39, కానన్ లైడ్ 300, 400 పలచగా, చవకగా ఉంటాయి. వాటిలో ఫిల్ముకు దీపం లేదు. పైగా అవి సీఐఎస్ రకం, అంటే అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది. వంకర తిరిగిన ఫొటో, అట్టకు అంటించిన స్టూడియో ఫొటో అద్దానికి రెండు మిల్లీమీటర్లు ఎడంగా ఉన్నా మసకబారుతుంది. వీ600 లాంటి సీసీడీ రకం స్కానర్లు ఆ ఎడాన్ని కొంత తట్టుకుంటాయి.

కంప్యూటర్ అవసరం లేకుండా మీట నొక్కితే బొమ్మ తీసే చిన్న డబ్బా యంత్రాలు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. వాటి లోపల ఉండేది చిన్న కెమెరా. చాలావాటిలో బొమ్మ అంచులు కోసుకుపోతాయి, చీకటి భాగాల్లో ముఖాలు నల్లగా కలిసిపోతాయి. చూసి ఏరుకోవడానికి పనికొస్తాయేమో గానీ, దాచుకునే ప్రతికి వద్దు.

ఒకే బొమ్మకు నెగెటివూ ప్రింటూ రెండూ ఉంటే నెగెటివ్‌నే స్కాన్ చేయండి. ప్రింటు వేసేటప్పుడు స్టూడియోలో అంచులు కొంత కోసేవారు. తెల్లచీర మడతలు, నల్లకోటు నేత లాంటి వివరాలు ప్రింటులో పోయినా నెగెటివ్‌లో మిగిలి ఉంటాయి.

ప్రశ్న: పెట్టె మీద 6400 డీపీఐ అని ఉంది. అంతా పెట్టి స్కాన్ చేయాలా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

వద్దు. ఆ అంకె సెన్సార్ అంగుళానికి ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందో చెబుతుందే గానీ, కటకం ఎంత వివరం చూడగలుగుతుందో చెప్పదు. టెస్టు చార్టు పెట్టి చూస్తే వీ600 నిజంగా విడదీసేది 1500 డీపీఐకి కాస్త అటూఇటూ. 7200 అని రాసి ఉండే ప్లస్‌టెక్ ఇచ్చేది 3000 పైచిలుకు.

35 ఎంఎం నెగెటివ్‌లో బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు. 1500 లెక్కన పొడవున సుమారు 2100 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 300 చొప్పున ఏడంగుళాల మంచి ప్రింటు. అదే స్కానర్‌తో 120 చదరపు నెగెటివ్‌కు 11 అంగుళాల ప్రింటు వస్తుంది, ఎందుకంటే దానిలో బొమ్మ పక్కకు 56 మి.మీ. ఉంటుంది. పెళ్లి ఫొటోను గోడకు పెద్దదిగా కట్టించాలన్న కోరిక ఉండి, నెగెటివ్‌లన్నీ 35 ఎంఎం అయితే ఫిల్ము స్కానర్‌కే డబ్బు పెట్టండి.

వీ600లో ఫిల్ముకు 2400 పెట్టండి, మహా అయితే 3200. 48 బిట్ రంగుతో 3200లో ఒక 35 ఎంఎం బొమ్మ 82 ఎంబీ అవుతుంది. 6400 పెడితే 329 ఎంబీ, వివరం మాత్రం పెరగదు. ప్రింటు ఫొటోలకు 600 చాలు. పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే మిగిలి, దాన్ని పెద్దది చేయాల్సి వస్తే 1200 పెట్టండి.

ఫిల్ము పెట్టేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది మూడుచోట్ల. మూత లోపలి తెల్ల షీటు ఊడదీయడం మర్చిపోతారు, దీపం దాని వెనక ఉంటుంది. నెగెటివ్‌ను నేరుగా అద్దం మీద పరుస్తారు. ఫిల్ము అద్దానికి కాస్త ఎత్తులో నిలిచేలా ఫ్రేమును చేశారు, స్కానర్ చూపు అక్కడే నిలుస్తుంది. నేరుగా పరిస్తే మసకతో పాటు నీటి మీద నూనె తేలినట్టు రంగుల వలయాలు వస్తాయి. ఇక మూడోది, ఫ్రేము పై అంచున ఉండే ఖాళీ చీలికను మూసేస్తారు. స్కానర్ తన దీపాన్ని సరిచూసుకునేది అక్కడే. దాని మీద దుమ్ము పడ్డా బొమ్మంతా నిలువు గీతలు వస్తాయి.

నెగెటివ్‌లో మెరిసే వైపు కిందికి, మెరవని వైపు పైకి ఉండాలి. ప్రివ్యూలో గీసే గడిని బొమ్మకు కాస్త లోపలికి గీయండి. పక్కనున్న ఖాళీ అంచు కలిస్తే ఆటో ఎక్స్‌పోజర్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని రంగులు తప్పుతుంది. పదును పెంచే అన్‌షార్ప్ మాస్క్ ఆపేయండి. అది తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఒకసారి చేశాక వెనక్కి తీయలేం. దాచుకునే కాపీని టిఫ్‌లో, పంచేదాన్ని జేపెగ్‌లో ఉంచండి.

ప్రశ్న: రంగు నెగెటివ్‌ల మీద దుమ్ము చుక్కలను డిజిటల్ ఐస్ శుభ్రంగా తీసేసింది. అమ్మమ్మగారి బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకు అదే ఆన్ చేస్తే ముఖాలు అలికేసినట్టు వచ్చాయి. స్కానర్ చెడిందా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

చెడలేదు. ఐస్ అనేది ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో రెండోసారి చూడటం. రంగు ఫిల్ములో బొమ్మ రంగు అద్దకంతో ఏర్పడుతుంది, ఆ వెలుగు దాని గుండా వెళ్లిపోతుంది. అడ్డుపడేది దుమ్మూ గీతలే కాబట్టి వాటిని గుర్తుపట్టి పూడుస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మే వెండి రేణువులు. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది, యంత్రం బొమ్మనే మురికి అనుకుంటుంది. ఇందు బ్రాండు ఫిల్మైనా, ఓర్వో బ్రాండుదైనా బ్లాక్ అండ్ వైట్‌కు ఐస్ ఆపి ఉంచండి.

వాటికి దుమ్ము ముందే పోవాలి. రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టి, మెత్తని యాంటీస్టాటిక్ బ్రష్‌తో తుడవండి. నోటితో ఊదితే తుంపర పడి మచ్చ నిలుస్తుంది. అంచులే పట్టుకోండి, నూలు చేతొడుగులు మంచివి. జిడ్డు వేలిముద్ర ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో మెరిసే వైపు మాత్రం తుడవండి. బూజు పట్టినవాటికి నీళ్లు తగలనివ్వకండి. బూజు తిన్న జెలటిన్ నీటికి కరిగి, బొమ్మ జారిపోతుంది.

ప్రశ్న: తాతగారి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. తీసి స్కాన్ చేయడం ఎలా?
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

తీయకండి. తేమకు మెత్తబడిన జెలటిన్ పొర అద్దానికి పట్టుకుంది. లాగితే కాగితం చేతికొస్తుంది, ముఖం అద్దం మీద ఉండిపోతుంది. ఫ్రేము, వెనక అట్ట మాత్రం విప్పి, అద్దంతో సహా సీసీడీ స్కానర్ మీద బోర్లించి స్కాన్ చేయండి. లేదా రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి, కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, దానికి చేసిన రంధ్రంలోంచి ఫొటో తీయండి. నల్లగుడ్డ లేకపోతే అద్దంలో కెమెరా కనిపిస్తుంది.

ప్రశ్న: 1980ల నాటి రంగు ఫొటోల మీద తేనెపట్టులాంటి గరుకు ఉంది. స్కాన్‌లో చుక్కలు చుక్కలుగా వస్తోంది.
— ఒక పాఠకురాలు, కర్నూలు

అది సిల్క్ ఫినిష్ కాగితం. స్కానర్ దీపం ఒక పక్కనుంచే పడటంతో ప్రతి గుంటకూ నీడ వస్తోంది. ఒకసారి స్కాన్ చేసి, ఫొటోను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చేయండి. రెండో దాన్ని కంప్యూటర్‌లో తిన్నగా చేసి, మొదటి దాని మీద పొరగా పరచి, 50 శాతం పారదర్శకత ఇవ్వండి. నీడలు చాలావరకు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. నెగెటివ్ దొరికితే ఈ శ్రమే అక్కర్లేదు.

ప్రశ్న: నెల రోజులకు ఊరొస్తున్నాను. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉంది. దాంతోనే నెగెటివ్‌లు కాపీ చేయవచ్చా? లేక ఇక్కడికి తెచ్చుకోవాలా? విమానాశ్రయం ఎక్స్‌రేకు పాడవుతాయా?
— ఒక పాఠకుడు, డల్లాస్

కడిగిన ఫిల్ముకు ఎక్స్‌రే వల్ల ఏమీ కాదు. కడగని రీళ్లు ఉంటే మాత్రం చేతిసంచిలో పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగండి.

కెమెరా పద్ధతి స్కానర్ కంటే చాలా వేగం. 1:1 మాక్రో లెన్స్ తప్పనిసరి. దాంతో 36 మి.మీ. మీద 6000 పిక్సెళ్లు, అంటే 4200 డీపీఐకి సమానం. సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే కొలత) 95 దాటిన ఎల్‌ఈడీ పలక, ఫిల్మును చదునుగా పట్టే ఫ్రేము, కెమెరాను కిందికి చూసేలా బిగించే స్టాండ్ కావాలి. కెమెరా ఫిల్ముకు సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకవుతుంది. ఫిల్ము చోట చిన్న అద్దం పెట్టి చూడండి, లెన్స్ ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలో కనిపించాలి. ఐఎస్ఓ 100, ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్, రా ఫైలు పెట్టి, గదిలో లైట్లు ఆర్పేయండి. రంగు నెగెటివ్‌లోని నారింజ ఛాయ తీసి బొమ్మను తిరగేయడానికి డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ అనే సాధనం ఉంది, ఉచితం. ప్రతి రీలుకూ బొమ్మ లేని అంచు కొంచెం ఫొటోలో పడనివ్వండి. ఛాయ కొలిచేది అక్కడే.

ఆ నెలలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఫొటోల వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, చేతిరాత, తేదీ ఉండేది అక్కడే. ఎవరు ఎవరో అడిగి ఫైలు పేరులోనే ఏడాది, ఊరు రాయండి.

ప్రశ్న: డబ్బా తెరిస్తే పుల్లటి వెనిగర్ వాసన వస్తోంది. నెగెటివ్‌లు ముడతలు పడుతున్నాయి.
— ఒక పాఠకుడు, నిజామాబాద్

అసిటేట్ ఫిల్ము కుళ్లుతోంది. వెలువడే ఆమ్లమే కుళ్లును ఇంకా వేగం చేస్తుంది, పక్కనున్న వాటికీ అంటిస్తుంది. ఈరోజే వేరు చేయండి, గాలి చొరని డబ్బాలోంచి తీసి కాగితపు కవర్లలో, చల్లని పొడి చోట పెట్టండి. మిగతావన్నీ ఆగినా ఫర్వాలేదు, ముందు వీటినే స్కాన్ చేయండి. పెళుసెక్కినవాటిని బలవంతంగా చదును చేయకండి, విరుగుతాయి.