సిద్ధాంత గ్రంథం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: తెలుగు శాఖలో పీహెచ్‌డీకి నమోదు చేసుకుని ఏడు నెలలైంది. నా అంశం ‘స్వాతంత్ర్యానికి పూర్వపు తెలుగు స్త్రీల పత్రికలు’. మూడు పుస్తకాల నిండా నోట్సు ఉంది గానీ, అధ్యాయ విభజన చూపమని పర్యవేక్షకులు అడిగిన ప్రతిసారీ ఉపోద్ఘాతం దగ్గరే ఆగిపోతున్నాను. ఉపయోగపడే ఆధారాలేమైనా సూచిస్తారా?
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీరు పేర్కొన్నది చాలా విశాలమైన క్షేత్రం, అందులో నుంచి ఒక ప్రశ్న ఇంకా తేలలేదు, అధ్యాయాలు కుదరకపోవడానికి కారణం అదే. 1902లో మొదలైన ‘హిందూసుందరి’ని, 1928లో మొదలైన ‘గృహలక్ష్మి’ని ఒకే ప్రశ్నతో పరిశీలించడం కష్టం. ‘గృహలక్ష్మి’నే తీసుకోండి. దాని స్థాపకులు కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యులు, స్త్రీల కోసం ‘లోధ్ర’ అనే మందును తయారుచేసినవారు. అలాంటప్పుడు ఆ పత్రికలో ఆరోగ్య వ్యాసానికీ మందుల ప్రకటనకూ మధ్య గీత ఎక్కడుంది అని అడిగితే, వ్యాసాలు, ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు వాటంతటవే వేర్వేరు అధ్యాయాలుగా విడిపోవడం మీకే కనిపిస్తుంది.

విభజన నమూనాలకు గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ఆన్‌లైన్ సిద్ధాంత గ్రంథాల భాండాగారం ‘శోధ్‌గంగ’లో మీ అంశానికి దగ్గరగా ఉన్న ఐదారు సిద్ధాంత గ్రంథాలు తెరిచి, విషయసూచిక, మొదటి అధ్యాయం, ముగింపు మాత్రం చదవండి. అక్కడ ఉన్నవన్నీ అనుసరించదగినవి కావు; ఏ అంశానికైనా నన్నయ దగ్గర నుంచి సాహిత్య చరిత్ర చెప్పి రెండు అధ్యాయాలు నింపే అలవాటు మన శాఖల్లో బలంగా ఉంది, దాన్ని దయచేసి తీసుకోకండి. అదే సంస్థ నడిపే ‘శోధ్‌గంగోత్రి’లో పరిశోధన ప్రణాళికలు ఉంటాయి కాబట్టి ఇతరులు ఏ పని తలపెట్టారో కూడా తెలుస్తుంది.

ప్రశ్న ఖాయం చేసుకునే ముందే సంచికలు దొరుకుతాయో లేదో చూసుకోవాలి. ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలో అందుబాటులోకి తెచ్చిన పాత పత్రికలు వెతికాక, 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనానికి, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి స్వయంగా వెళ్లండి. ఏ సంవత్సరం ఏ నెల సంచిక ఎక్కడ ఉందో, ఏది దొరకలేదో పట్టిక రాసుకోండి. ఆ పట్టికే మీ పరిశోధన పరిధిని నిర్ణయిస్తుంది. ఎత్తి రాసుకున్న ప్రతి వాక్యం పక్కన పుట సంఖ్య వేయండి, ఎందుకంటే 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు ఉంటాయి. ఆధారాల నమోదుకు ఉచితంగా దొరికే ‘జొటెరో’ సాఫ్ట్‌వేర్ చాలు.

ఉపోద్ఘాతాన్ని చివరికి వదిలేయండి. చేతికందిన ఒక్క సంవత్సరపు సంచికల మీద, మీ ప్రశ్న ఒక్కటే దృష్టిలో పెట్టుకుని, నాలుగు పుటలు రాయండి. ఈసారి పర్యవేక్షకుల దగ్గరకు ఆ నాలుగు పుటలూ, సంచికల పట్టికా పట్టుకుని వెళ్లండి.