ముందు కరెంటు బిల్లు చూడండి

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: 31 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరై, నల్లగొండలో ఉంటున్న మా కాలమిస్టు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది నాంపల్లి మండలం. ఈ ఏడు బత్తాయి అమ్మగా వచ్చిన దాంట్లో 5 లక్షలు బాపు నా చేతికిచ్చి, ఎక్కడన్నా మంచి దాంట్లో పెట్టమన్నాడు. లింక్డిన్‌లో ఒక ఫౌండర్‌ను ఏడాదిగా ఫాలో అవుతున్నాను. రైతుల కోసం యాప్ చేస్తున్నాడు. 48 వేల మంది ఫాలోవర్లు, మంత్రులతో ఫొటోలు, గౌరవ డాక్టరేట్, అవార్డులు ఉన్నాయి. ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో ఆయన మీద వ్యాసాలు కూడా వచ్చాయి. 5 లక్షలు పెడితే నెలకు 20 వేలు ఇస్తూ, రెండేళ్ల తర్వాత షేర్లు రాసిస్తానంటున్నాడు. వాట్సాప్ గ్రూపులో డబ్బులు పడినవాళ్లు స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. ఆదివారంలోగా 50 వేలు టోకెన్ కట్టాలి. మనిషి మంచోడిలాగే ఉన్నాడు. నమ్మొచ్చా?

జవాబు: బిడ్డా, ఆ 50 వేలు కట్టకు. ఆదివారం దాటిపోతే పోనీ. ఈ సంగతి నీకు ఫోన్లో ముందే చెప్పించాను. అయినా ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లు ఇంకెందరో ఉంటారని వివరంగా రాస్తున్నాను.

నేను మిర్యాలగూడలో లోన్ల సీట్లో ఉన్నప్పుడు ఒక రైస్ మిల్లు ఓనర్ లోన్ పెంచమని వచ్చాడు. ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తే ఆఫీసు రూములో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. గోడ నిండా ఫొటోలు. మంత్రికి శాలువా కప్పుతున్నది ఒకటి, పెద్దాఫీసరు చేతుల మీదుగా మెమెంటో తీసుకుంటున్నది ఒకటి. మిల్లు రెండు షిఫ్టులు నడుస్తోందన్నాడు. చాయ్ తాగి మిల్లు వెనక్కి వెళ్లాను. ఊక కుప్ప మీద పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. మిల్లు నడిస్తే రోజూ కొత్త ఊక పడుతుంది, దాని మీద గడ్డిపోచ కూడా నిలవదు. ఆర్నెల్ల కరెంటు బిల్లులు తెప్పించమన్నాను. నాలుగు నెలలుగా మినిమమ్ చార్జీలే. ఫొటోలు మాత్రం నిజమైనవే, ఆయన నిజంగానే మంత్రికి శాలువా కప్పాడు. మిల్లే నడవట్లేదు.

నువ్వు ఏడాదిగా చూస్తున్నది ఆ గోడనే. ప్రొఫైల్‌లో ఉన్నదంతా అతను రాసుకున్నది, లేదా డబ్బులిచ్చి రాయించుకున్నది. ఫాలోవర్లు కూడా కొంటే దొరుకుతారు. అతని కరెంటు బిల్లు ఎక్కడుందో వెతకాలి. అంటే తేదీ ఉన్న రాత, తప్పు రాస్తే అతని మీదికి వచ్చే రాత.

మొదటిది కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్. అక్కడ కంపెనీ పేరు కొడితే మాస్టర్ డేటా, అంటే కంపెనీ ప్రాథమిక వివరాలు, ఉచితంగా వస్తుంది. 21 అక్షరాలు, అంకెలు ఉన్న ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, దాని మధ్యలో కంపెనీ పుట్టిన ఏడాది కనపడుతుంది. నువ్వు పంపిన పేరు నేనే చూశాను. ప్రొఫైల్‌లో ‘2016 నుంచి రైతుల సేవలో’ అని ఉంది. కంపెనీ నమోదైంది 2023లో. పెయిడప్ క్యాపిటల్, అంటే వాటాదారులు నిజంగా కట్టిన పెట్టుబడి, లక్ష రూపాయలు. ఒక్క బ్యాలెన్స్ షీట్ కూడా దాఖలు కాలేదు. క్యాపిటల్ తక్కువని తప్పు పట్టను, 2015 తర్వాత కనీసం ఇంత ఉండాలన్న రూలే లేదు. కానీ 40 వేల మంది రైతులతో లావాదేవీలు చేస్తున్నానని పోస్టులు పెట్టే మనిషికి లెక్కలు దాఖలు చేయడానికి తీరిక లేదా?

రెండోది జీఎస్టీ. అతని బిల్లు ఏదైనా అడిగి, దాని మీద అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉన్న జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టు. తెలంగాణ నంబరైతే 36తో మొదలవుతుంది. రిటర్నులు వేస్తున్నాడో లేదో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 20 వేల సంగతి. ఊళ్లో లెక్కన చెప్పాలంటే అది నాలుగు రూపాయల వడ్డీ. ఏడాదికి నూటికి 48. నిజంగా నడిచే వ్యాపారానికి దాంట్లో నాలుగో వంతుకు అటూ ఇటూగా బ్యాంకులోనే లోన్ దొరుకుతుంది. అంత వడ్డీ ఇచ్చి నీ దగ్గర తీసుకోవాల్సిన అవసరం అతనికి ఎందుకొచ్చిందో బాపును అడుగు. దళారితో టన్ను ధర బేరమాడి బత్తాయి అమ్మిన మనిషి, ఈ లెక్క నాకంటే బాగా చెబుతాడు. గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టినవాళ్లకు డబ్బులు నిజంగానే పడి ఉండొచ్చు. మొదట్లో చేరినవాళ్లకు తర్వాత చేరినవాళ్ల డబ్బుతోనే ఇస్తారు. నీ 5 లక్షల్లోంచే ఇంకొకరికి 20 వేలు పోతాయి, వాళ్లు ఆ స్క్రీన్‌షాట్ పెడతారు, అది చూసి ఇంకొకరు చేరతారు.

చట్టం సంగతి కూడా విను. ప్రైవేటు కంపెనీ ఇలా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు. అనుమతి లేని డిపాజిట్ స్కీములను నిషేధిస్తూ 2019లో వేరే చట్టమే వచ్చింది. షేర్లు ఇస్తానంటే దానికీ పద్ధతి ఉంది: ఏడాదికి 200 మందికి మించి అడగకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు, నీ పేరు మీద ఆఫర్ లెటర్ ఇవ్వాలి, డబ్బు నీ బ్యాంకు ఖాతా నుంచి కంపెనీ పేరున ఉన్న ప్రత్యేక ఖాతాలోకే వెళ్లాలి. నీకు పంపిన క్యూఆర్ కోడ్ ఎవరి పేరు మీద ఉందో చూశావా? స్కాన్ చేస్తే ఒక ఆడమనిషి పేరు వస్తోంది. కంపెనీ డైరెక్టర్లలో ఆ పేరే లేదు.

వ్యాసాల కింద చివరి లైను చదువు. సంపాదక వర్గానికి సంబంధం లేదని చిన్న అక్షరాల్లో ఉంటే అది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన. డాక్టరేట్ ఇచ్చిన సంస్థ పేరు యూనివర్సిటీలను చూసుకునే కేంద్ర సంస్థ యూజీసీ పెట్టే నకిలీ యూనివర్సిటీల జాబితాలో ఉందేమో చూడు. అవార్డు నిజమైనదైనా నేను దాని మీద లోన్ ఇచ్చేదాన్ని కాదు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది 2008లో. లెక్కలు తప్పుడువని దాని ఛైర్మనే ఉత్తరం రాసింది 2009 జనవరి 7న. అమెరికాలో థెరానోస్ అనే రక్తపరీక్షల కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ ఆస్తిని ఫోర్బ్స్ పత్రిక 2015లో 450 కోట్ల డాలర్లని లెక్కగట్టి, మరుసటి ఏడాదే సున్నా చేసింది. ఆ తర్వాత కోర్టు ఆమెకు 11 ఏళ్ల పైన జైలు వేసింది.

ఇంత కచ్చితంగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2023లో మా చెల్లెలు ఇలాంటి ఒక ఫౌండర్ వీడియో తెచ్చి, ‘ఎంత బాగా మాట్లాడుతున్నాడో చూడు అక్కా’ అంది. అన్నం తింటూ చూశాను. బాగానే మాట్లాడాడు. మంచోడిలా ఉన్నాడు అన్నాను, నువ్వు రాసిన మాటే. బ్యాంకులో ఎవరొచ్చినా కాగితాలు అడిగినదాన్ని, ఇంట్లో ఒక్క ప్రశ్న అడగలేదు. చెల్లెలు పెట్టిన 3 లక్షలు పోయాయి. సిగ్గుపడి ఐదు వారాలు నాకు చెప్పలేదు. ఆ డబ్బు కంటే, ఆ ఐదు వారాలు అది ఒక్కతే ఏడ్చిందన్న సంగతే నన్ను బాధపెడుతుంది.

అలాగని ఫౌండర్ అనే ప్రతి మనిషినీ దొంగలా చూడకు. దేవరకొండ దగ్గర చిరుధాన్యాల వ్యాపారం చేస్తున్న ఒక అబ్బాయి నాకు తెలుసు. అతని ప్రొఫైల్ చూస్తే ఫాలోవర్లు 140 మంది, ఫొటో కూడా సరిగా లేదు. లెక్కలు చూపించమంటే మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు పంపాడు, రెండో ఏడు నష్టం వచ్చిందని తనే చెప్పాడు, ఎవరెవరికి సరుకు వేస్తున్నాడో ఫోన్ నంబర్లు ఇచ్చాడు. అతని వ్యాపారం రేపు మూతపడొచ్చు, స్టార్టప్‌లు చాలా మూతపడతాయి. అప్పుడు కూడా అతన్ని మోసగాడని అనను. మీ ఫౌండర్‌నూ ఇవే అడిగి చూడు. ‘నమ్మకం లేకపోతే గ్రూపులోంచి వెళ్లిపో’ అంటే వెళ్లిపో.

బాపు డబ్బు ప్రస్తుతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టు. ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది, కాబట్టి రెండు బ్యాంకుల్లో సగం సగం వెయ్యి. ఆ గ్రూపు వివరాలు రిజర్వ్ బ్యాంకు వాళ్ల ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదుగా పెట్టు. మిగతావాళ్లకు మేలు చేసినవాడివవుతావు.

ప్రశ్న: మాది జడ్చర్ల. మా అమ్మాయి పోలేపల్లిలో మందుల కంపెనీలో చేస్తోంది. బెంగళూరులో పెద్ద స్టార్టప్ ఫౌండరే నేరుగా మెసేజ్ పెట్టి ఉద్యోగం ఇచ్చాడట. ల్యాప్‌టాప్ డిపాజిట్‌గా 4,800 కట్టమంటున్నారు. ఇక్కడ రాజీనామా ఇస్తానంటోంది.

జవాబు: అమ్మా, ఆ ఫౌండర్ నిజంగా ఉన్నాడు, కంపెనీ కూడా ఉంది. మీ అమ్మాయికి మెసేజ్ పెట్టింది ఆయనేనా అన్నదే అనుమానం. లింక్డిన్‌లో ఆ ప్రొఫైల్ గురించిన వివరాలు తెరిస్తే అది ఏ నెలలో మొదలైందో కనపడుతుంది. పదేళ్ల కంపెనీ ఫౌండర్ ఖాతా మొన్న మొదలైందంటే అది ఇంకొకరిది. వచ్చిన మెయిల్ అడ్రసును కంపెనీ వెబ్‌సైట్ పేరుతో అక్షరం అక్షరం పోల్చమనండి. ఒక్క అక్షరం మార్చి పెడతారు. వాళ్లిచ్చిన నంబరుకు చేయకండి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే చేసి అడగండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ల్యాప్‌టాప్‌కు డబ్బులు అడగరు. ఇప్పటికే కట్టేసి ఉంటే తిట్టకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. రాజీనామా కాగితం మాత్రం కంపెనీ వాళ్లు అవునని చెప్పేదాకా మీ దగ్గరే పెట్టుకోండి.